ఛోటీ లైన్

పెళ్ళయి రాయ్‌పూర్ వచ్చిన కొత్తలో మా అమ్మకి ఆ ఊళ్ళో నచ్చినదల్లా చిన్నరైలు ఒక్కటే. భాష రాదు. వేసవి ఎండకి ఇంట్లో గిన్నెలు కూడా కాలేవి. ఎటు చూసినా ఇనుమూ, బొగ్గుపొడీ. అలాంటి రోజుల్లో నాన్న వెనకాల స్టేషన్‌లో నడుస్తూ, ఓ వారగా నిలబడి ఉన్న పొట్టి పెట్టెల్నీ, వాటి ముందు పొగ వదులుతున్న పొట్టి ఇంజన్నీ చూసి ఆగిపోయిందట. "ఇది మా పర్లాకిమిడి రైలు కాదేటి! ఇక్కడికెలాగొచ్చింది?" అని అడిగిందట. నాన్న ఈ మాట మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. అమ్మ ప్రతిసారీ, "మరి అలాగే ఉన్నాది కదా" అనేది.

అమ్మది పాతపట్నం. నౌపడాలో పెద్దరైలు దిగి, టెక్కలి మీదుగా వెళ్ళే పర్లాకిమిడి చిన్నరైలెక్కితేగాని వాళ్ళ ఊరు రాదు. ఆ లైను పర్లాకిమిడి రాజావారు వేయించినది, 1900లో మొదలయింది. విచిత్రమేమిటంటే రాయ్‌పూర్ నుంచి ధమ్తరీ వెళ్ళే లైను కూడా ఆ ఏడే వచ్చింది. ఇది వేసింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. రెండిటికీ పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. పెద్దరైలుకి అయిదున్నర. అందుకే రాయ్‌పూర్‌లో దాన్ని అందరూ ఛోటీ లైన్ అనేవాళ్ళు, పెద్దదాన్ని బడీ లైన్. సెలవులకి మేము బడీ లైన్ ఎక్కి మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం చేరి, అక్కడ బండి మారి నౌపడా వెళ్ళి, మళ్ళీ పర్లాకిమిడి రైలెక్కేవాళ్ళం. అమ్మకి ఆ ప్రయాణంలో చివరి ముక్కే ప్రయాణం. మిగతాదంతా బరువు మోయడం.

రాయ్‌పూర్‌లో తెలుగువాళ్ళెందుకున్నారని విశాఖపట్నంలో ఇప్పటికీ అడుగుతుంటారు. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కి లైను పూర్తయింది 1931లో. విశాఖ రేవుకి మధ్యపరగణాల సరుకు దించాలని వేసిన లైను అది. సరుకు కిందికి దిగితే మనుషులు పైకెక్కారు. శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, రాయ్‌పూర్, చరోదా దాకా పాకిపోయారు. నాన్న వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరు. మేముండేది డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ. దసరాకి అక్కడ కాల్చే రావణుడి బొమ్మకి ఊరు ఊరంతా తరలివచ్చేది, ఇప్పటికీ వస్తుంది. ఇంట్లో సిక్కోలు తెలుగు, బళ్ళో హిందీ, గుమ్మం దిగితే ఛత్తీస్‌గఢీ. మూడూ కలిపి మాట్లాడేవాళ్ళం. ఎవరికీ తప్పనిపించేది కాదు.

ఛోటీ లైన్ ఊరి పక్క నుంచి వెళ్ళేది కాదు, ఊరి కడుపులోంచి వెళ్ళేది. స్టేషన్‌లో బయల్దేరి ఫాఫాడీహ్, దేవేంద్ర నగర్, పండ్రీ, శంకర్ నగర్, తెలీబాంధా. ప్రతిచోటా రోడ్డును అడ్డంగా దాటేది. దాటిన ప్రతిచోటా ఓ ఫాటక్. తెలీబాంధా చెరువు దాటాక పొలాలు. ఆపైన మానా, కేంద్రీ, అభన్‌పూర్. అభన్‌పూర్‌లో లైను రెండుగా చీలి ఒకటి రాజిమ్‌కి, ఒకటి కురూద్ మీదుగా ధమ్తరీకి. మా చిన్నప్పుడు బొగ్గింజనే, తరవాత డీజిల్ వచ్చింది. బండి ఎంత నెమ్మదంటే, దిగి పక్కన పని చూసుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళని రాయ్‌పూర్‌లో పుట్టిన ప్రతివాడూ చెబుతాడు. నేను చూసిన మటుకు, దిగి సీతాఫలాలు బేరమాడి ఎక్కినవాళ్ళున్నారు. బండి అప్పుడు ఆగే ఉంది.

పొద్దున్న ధమ్తరీ బండి మా వంటింటికి సంబంధించిన బండి. కూరలమ్మే ఆడవాళ్ళు అభన్‌పూర్ వైపు పల్లెల నుంచి టుక్నాలు, అంటే బుట్టలు, నెత్తిన పెట్టుకుని దాంట్లో దిగేవాళ్ళు. లాల్ భాజీ, చేచ్ భాజీ, చలికాలం తివరా భాజీ. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నన్ని ఆకుకూరలు నేనింకెక్కడా చూడలేదు. అమ్మ మొదట్లో ఇవేం ఆకులో అని భయపడి బంగాళాదుంపలతో సరిపెట్టిందట. ఓరోజు ఓ ముసలావిడ టుక్నా అడుగు నుంచి అమారీ భాజీ అని ఓ కట్ట తీసింది. అమ్మ ఓ ఆకు తుంచి నోట్లో వేసుకుంది. మన గోంగూరే! ఆ పూట కాలనీలో తెలుగువాళ్ళ వంటిళ్ళన్నిటికీ కబురెళ్ళింది. ఆ తరవాత ఆ ముసలావిడకి మా వీధి రాసిచ్చేసినట్టే. బండి ఆలస్యమైతే ఆవిడ మధ్యాహ్నం ఎండలో వచ్చి గుమ్మంలో కూలబడేది. "గాడీ బిలమ్ గే, దీదీ" అనేది. అమ్మ మజ్జిగిచ్చేది. ఆకు వాడిందని బేరం మాత్రం తగ్గించేది. ఆ విషయంలో మా అమ్మకి జాలీ గీలీ ఉండేవి కావు.

బండి ఎందుకు ఆలస్యమైందో ఆవిడకి తెలిసేది. ఇది నాకిప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది. ఇంజను అభన్‌పూర్‌లో నీళ్ళు పట్టుకుందనో, మానా దగ్గర గేదె అడ్డొచ్చిందనో, ఫలానా నాలా మీద మెల్లగా రమ్మని కాగితం ఇచ్చారనో చెప్పేది. చదువు లేని మనిషి కాషన్ ఆర్డర్ అనే మాట స్పష్టంగా పలికేది. బండిలో గార్డు చెబుతాడు, గార్డుకి స్టేషన్ మాస్టర్ చెబుతాడు, ఆవిడ మా అమ్మకి చెబుతుంది.

ఫాటక్ దగ్గరా అంతే. నేను చదివిన బడికి శంకర్ నగర్ ఫాటక్ దాటి వెళ్ళాలి. గేటు పడిందంటే రిక్షాలు, లూనాలు, పండ్రీ బట్టల మూటలు, దవాఖానాకెళ్ళేవాళ్ళు, ఓ అంబాసిడర్ కారు, అన్నీ ఒక్క వరసలో. గేటు దగ్గరి గుమిటీలో ఖాకీ నిక్కరు కాకా ఒకడుండేవాడు. ఊరి కోపమంతా అతని మీదే. "కితనీ దేర్ లగాయేగా, కాకా?" అని ముందున్నవాడు అరిస్తే, వెనకవాడు ఇంకో మాట కలిపేవాడు. కాకా ఒక్కోసారి తిరిగి తిట్టేవాడు, ఒక్కోసారి చేతిలో ఎర్రజెండా చూపించి ఊరుకునేవాడు. తిట్టేవాళ్ళకీ తిట్లు తినేవాడికీ ఒక విషయంలో అనుమానం లేదు. బండి వస్తోంది, వచ్చి వెళ్ళిపోతుంది, గేటు లేస్తుంది. సైకిలు కిందనుంచి దూర్చే కుర్రాళ్ళని కాకా చెవి పట్టి లాగేవాడు. నా చెవీ ఓసారి అతని చేతిలో పడింది.

ఇక నాలా మీద కల్వర్టు సంగతి. పండ్రీ దాటాక లైను కింద ఓ నాలా ఉండేది. దాని మీద ఎప్పటిదో పాత కల్వర్టు, రాతి పలకలది. ఒక వానాకాలం ఓ పలక పగిలింది. నేనప్పుడు ఆరో క్లాసో ఏడో క్లాసో. ఆ సెక్షన్‌లో గ్యాంగుకి మేటు మా వైపు మనిషే, పలాస దగ్గరివాడు. వరసకి ఏమీ కాడుగానీ నేను మావా అనేవాణ్ణి. నాన్న డ్యూటీ దిగి అన్నం తిని, "మావ పనికాడికెళ్తన్నాను, వస్తావేటి?" అన్నాడు. అమ్మ వద్దంది. మా అప్ప, అంటే అక్క, తనూ వస్తానంది. చివరికి నేనొక్కణ్ణే సైకిలు ముందుకడ్డీ మీద కూర్చుని వెళ్ళాను.

ఆఖరి బండి వెళ్ళాక పని మొదలుపెట్టారు. రెండు పెట్రోమాక్స్ లైట్లు. వాటి చుట్టూ రెక్కల పురుగులు. పట్టాల పని చూసే ఇన్‌స్పెక్టరు పీడబ్ల్యూఐ గారు ఓ రాయి మీద కూర్చుని జేబులోంచి మడత కాగితం తీసి, లైటు దగ్గర పెట్టి టైము చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆయన ఆ కాగితం ఎన్నిసార్లు తీశారో! మావని అడిగాను.

"అది బ్లాకు కాయితం బాబూ," అన్నాడు. "టేసను మాస్టరు ఇచ్చినాడు. అది మనకాడ ఉన్నంతసేపూ ఈ లైను మీదకి బండి రాదు. తెల్లారి టయానికి పట్టా కలిపీసి, బాగున్నాదని రాసి సంతకం పెట్టి ఆ మాస్టరుకే వాపసు ఇచ్చీయాల. ఇచ్చీసినాక మనం పట్టా మీద ఉండకూడదు. ఇవ్వకపోతే బండి కదల్దు."

"ఆలస్యమైతే?"

"ఆలీసమైతే ఆయన్నడుగుతారు," అని పీడబ్ల్యూఐ గారి వైపు గెడ్డం చూపించాడు. "ఆయన నన్నడుగుతాడు. నేను మీ నాన్న సినేయితుణ్ని కాబట్టి నిన్నడగను."

అందరూ నవ్వారు. తరవాత పని చూశాను. ముందు పట్టాలు కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు విప్పారు. ఒకడు విప్పుతుంటే ఇంకొకడు ప్రతి బోల్టూ ఓ గోనెపట్టా మీద వరసగా పేర్చాడు. పగిలిన పలక మీది కంకర తీసేశారు. నాలాకి రెండు వైపులా గట్టు మీద చెక్క స్లీపర్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా పేర్చి దిమ్మ కట్టారు. క్రిబ్బు అంటారు దాన్ని. పాత పట్టాలు కొన్ని కట్టగట్టి ఆ దిమ్మల మీదికి దింపారు. దాన్ని రైల్ క్లస్టర్ అంటారు. ఇప్పుడు బండి బరువు రాతి పలక మీద పడదు, ఆ కట్ట మోస్తుంది. పొద్దున్నించి కింద మేస్త్రీలు కొత్త కల్వర్టు కట్టుకుంటారు, పైన బండి నడుస్తూనే ఉంటుంది. పట్టాల కట్టని దింపేటప్పుడు గ్యాంగంతా ఒక్క గొంతుతో పాడిన పాట నాకింకా వినిపిస్తుందిగానీ ఇక్కడ రాయడానికి వీల్లేదు. పీడబ్ల్యూఐ గారికి తెలుగు రాకపోవడం వల్లే అది సాగింది.

నాకు మధ్యలో నిద్ర పట్టేసింది. లేచేసరికి తెల్లగా ఉంది. నాలాకి అటూ ఇటూ దూరంగా పసుపు బోర్డులు పాతారు. మావ పచ్చజెండా పట్టుకుని పట్టాల మధ్య నిలబడ్డాడు. మొదటి బండి వచ్చింది. ఆగింది. డ్రైవరూ మావా ఏదో అనుకున్నారు. మావ ముందు నడిచాడు, ఇంజను అతని వెనక నడిచింది. క్లస్టరు మూలిగింది. కిటికీల్లోంచి టుక్నాల ఆడవాళ్ళు కిందికి తొంగి చూశారు. పీడబ్ల్యూఐ గారు అప్పటికే స్టేషన్‌కి వెళ్ళి కాగితం ఇచ్చేశారు. కల్వర్టు పూర్తవడానికి ఇంకొన్ని వారాలు పట్టింది, వాన మధ్యలో రెండుసార్లు పని ఆపింది. మళ్ళీ ఓ రాత్రి అలాంటి కాగితమే తీసుకుని క్లస్టరు పీకేశారు. ఆ వారాల్లో ప్రతి బండీ ఆలస్యమే. అది ఆలస్యమని మా గుమ్మంలో కూరలమ్మే ఆవిడకి కూడా ముందే తెలుసు.

రైల్వే అంటే అంతా ఇలాగే సవ్యంగా నడిచేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. రాజిమ్ మేళాకి వెళ్ళినవాడెవడూ ఆ మాటనడు. మాఘ పున్నమికి మహానది, పైరీ, సోంఢూర్ కలిసేచోట మేళా మొదలై శివరాత్రి దాకా ఉంటుంది. నదిలో ఇసుక మధ్య కులేశ్వర మహాదేవుడు, ఒడ్డున రాజీవలోచనుడు. ఓ ఏడు నాన్న మమ్మల్ని తీసుకెళ్ళాడు. పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. కిటికీలోంచి అప్పని లోపలికి అందించాడు. అభన్‌పూర్‌లో బండి ఆగి ఎంతకీ కదలలేదు. జనం దిగి రేగుపళ్ళు, పచ్చిశనగ మొక్కలు కొనుక్కుని చెట్ల కింద చేరారు. ఎవరో భజన ఎత్తుకున్నారు. గార్డు పెట్టె పెట్టెకీ వచ్చి, ఎదురు బండి రావాలని ఒకసారి, ఇంజనులో ఆవిరి చాలలేదని ఇంకోసారి చెప్పాడు. నాన్నకి రెండో కారణమే నిజమనిపించింది. రాజిమ్ చేరేసరికి సాయంత్రం. ఇసుకలో నడిచి దేవుణ్ణి చూసి, తిరుగు బండి వదులుకుని, ఓ సత్రం వసారాలో పడుకున్నాం. అమ్మ అప్పుడు కూడా రైలుని ఒక్క మాటనలేదు. మేళానే తిట్టింది.

నేను చదువుకని విశాఖ వచ్చేసి, ఇక్కడే ఉండిపోయాను. అప్పని రాయ్‌పూర్‌లోనే ఇచ్చారు, శంకర్ నగర్‌లో. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చి రాయ్‌పూర్ రాజధాని అయింది. ఊరు ఒక్కసారిగా ఉబ్బింది. మా చిన్నప్పటి పొలాలు కాలనీలయ్యాయి. లూనాల చోట కార్లొచ్చాయి. ఛోటీ లైన్ మాత్రం అదే పట్టాల మీద అదే నడక నడిచేది. ఫాటక్ దగ్గర వరస ఫర్లాంగుల పొడుగు పెరిగింది. అప్పకి అంబులెన్సు సైరన్ వినపడినప్పుడల్లా గేటు పడిందేమోనని గుండె దడ. అందువల్ల, చిన్నరైలుని ఊళ్ళోంచి తీసేస్తారన్నప్పుడు నాకు బాధ కలిగిందిగానీ వాదించాలనిపించలేదు. వాదన వాళ్ళవైపే ఉంది.

2017లో రాయ్‌పూర్ నుంచి కేంద్రీ దాకా చిన్నరైలు ఆగిపోయింది. పట్టాలు పీకిన దారిలో ఎక్స్‌ప్రెస్‌వే. స్టేషన్ దగ్గర బయల్దేరి, ఫాటకులున్న ఫాఫాడీహ్, దేవేంద్ర నగర్, పండ్రీ, శంకర్ నగర్, తెలీబాంధాల మీద ఒక్కో ఓవర్‌బ్రిడ్జి ఎక్కి దిగి, కొత్త రాజధాని నవా రాయ్‌పూర్ వైపు సాగిపోతుంది. కాగితం మీద అంతకంటే చక్కని పని లేదు. నూటపదిహేడేళ్ళ దారి, స్థలం ఉండనే ఉంది, ఇళ్ళు కూల్చే పని తక్కువ.

అప్ప ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ రోడ్డు కొత్త రూపంలో కనిపించేది. ఓసారి వంతెన స్తంభాలు. ఓసారి వంతెన పైభాగం, కింద తవ్విన గుంట. తరవాత తారు వేశారు, బళ్ళు పరుగెత్తాయి. 2019 వానాకాలంలో తెలీబాంధా దగ్గర రోడ్డు కుంగి ఓ కారు ప్రమాదంలో పడింది. ప్రభుత్వం విచారణ జరిపించింది. వంతెనల దగ్గర పోసిన మట్టి సరిగా దిట్టం కాలేదని తేలింది. పూర్తయిన రోడ్డుని మళ్ళీ తవ్వారు. వంతెనలున్నాయి, ఎక్కడానికి వీల్లేదు. ఫాటకులు లేవు, దాటడానికీ వీల్లేదు. ఊరు ఆ బారికేడ్ల చుట్టూ తిరిగింది. రేకుల గోడ మీద పని జరుగుతోందన్న బోర్డు. ఎప్పటికవుతుందని అక్కడున్న కాపలావాణ్ణి అడిగితే, తను వేరే కాంట్రాక్టరు మనిషినన్నాడు. ఇంకొన్నాళ్ళకి అప్ప వాళ్ళ వీధి చివర నీళ్ళ పైపుకని తవ్వారు, అది పూడ్చాక కేబులుకని తవ్వారు. ఎవరి పని వాళ్ళు చక్కగానే చేసుకుపోయారు. ఒకరి కాగితం ఇంకొకరి జేబులో లేదు, అంతే.

అమ్మ అప్పుడింకా ఉంది, అప్ప దగ్గరే. మోకాళ్ళ నొప్పులకి ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ఆటోవాడు ఏ దారిన వెళ్ళాలో రోజుకో రకంగా చెప్పేవాడు. ఫోన్‌లో నాతో అంది: "రైలు ఎప్పుడొస్తాదో అడగడానికి టేసనుండేది బాబూ. ఈ రోడ్డు ఎప్పుడవుతాదని ఎవల్నడుగుతాం?" పర్లాకిమిడి రైలు సంగతీ ఎత్తింది. నౌపడా-గుణుపురం చిన్నలైనుని పెద్దది చేస్తామని 2004లో ఆపి, 2011కి పూర్తిగా తెరిచారు. ఏడేళ్ళు. ఆ మధ్యలో పాతపట్నం వెళ్ళినప్పుడల్లా పట్టాలు లేని గట్టు చూసి వచ్చేది. ఆ లెక్కన రాయ్‌పూర్ రైలు తన బతుకులో రాదని ఆవిడే తేల్చేసుకుంది.

అదే రోజుల్లో శాస్త్రీ చౌక్ దగ్గర ఆకాశంలో ఇంకో వింత వెలిసింది. పాదచారులు రోడ్డు దిగకుండా పై నుంచే నడిచిపోవడానికి స్కైవాక్. 2017లో మొదలుపెట్టారు. 2018 చివర ప్రభుత్వం మారింది, పని ఆగింది. కట్టాలా కూల్చాలా అని ఆలోచిస్తూ ఏళ్ళు గడిచాయి. ఇనుప దూలాలు రోడ్డు మీద నిలబడే ఉన్నాయి. వాన పడితే వాటి కింద బఠాణీ చాట్ బండ్లవాళ్ళకి నీడ దొరికింది, దాని వల్ల కలిగిన ప్రజోపయోగం నేను చూసింది అదొక్కటే. మళ్ళీ ప్రభుత్వం మారాక, 2025లో, పూర్తి చేద్దామనుకున్నారు.

2024లో జరిగింది మాత్రం ఎవరైనా కల్పించి రాస్తే నమ్మను. రాయ్‌పూర్ మేయరు మాస్కో వెళ్ళి, ఊళ్ళో లైట్ మెట్రో నడపడానికి అక్కడివాళ్ళతో ఒప్పందం మీద సంతకం చేసి వచ్చారు. పేపర్లలో ఫొటోలు. రాష్ట్ర ప్రభుత్వమేమో ఆ సంగతి తమకు తెలియదంది, తమ అనుమతి లేదంది. మేయరు ఒక పార్టీ, ప్రభుత్వం ఇంకో పార్టీ. ఊరి నడిబొడ్డున ఒకప్పుడు పట్టాలుండేవనీ, వాటిని పీకి అప్పటికి ఏడేళ్ళే అయిందనీ అటూ ఇటూ కూడా ఎవరూ అన్నట్టు నేను చదవలేదు. బావ పేపరు మడిచి, "పీడబ్ల్యూఐని అడగాల్సింది" అన్నాడు. ఆయనా రైల్వే ఇంటి బిడ్డే.

మరి రైలు? ఊళ్ళోని దారి రోడ్డుకి ఇచ్చేశారు కాబట్టి పెద్దరైలు ఆ దారిన రాదు. కేంద్రీ నుంచి ధమ్తరీ, అభన్‌పూర్ నుంచి రాజిమ్, మొత్తం 67 కిలోమీటర్ల చిన్నలైనుని బడీ లైన్ చేయాలనుకున్నారు. దాన్ని రాయ్‌పూర్‌తో కలపడానికి కొత్త దారి వెతికారు. మందిర్ హసౌద్‌లో మొదలుపెట్టి నవా రాయ్‌పూర్ మీదుగా కేంద్రీకి. మందిర్ హసౌద్ అంటే మా లైను! విజయనగరం లైను. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు రాయ్‌పూర్ దాటాక వచ్చే స్టేషను. అక్కడ అమ్మ పులిహోర మూట విప్పేది. అభన్‌పూర్ వెళ్ళాలంటే ఇక మహాసముంద్ వైపు వెళ్ళే పట్టా పట్టుకుని, మధ్యలో పక్కకి తిరగాలి. మ్యాపులో చూస్తే ఊరికి చుట్టు తిరిగి వెనక గుమ్మంలోంచి వచ్చినట్టుంటుంది. 2025 మార్చి 30న ప్రధాని రాయ్‌పూర్-అభన్‌పూర్ మెమూ రైలుకి బిలాస్‌పూర్ సభ నుంచి జెండా ఊపారు. చిన్నరైలు ఆగి ఎనిమిదేళ్ళు. పర్లాకిమిడికి ఏడు పట్టిందని అమ్మ అనేది. ఒక ఏడు ఎక్కువే అయింది, అప్పటికి అమ్మ లేదు.

ఆ వేసవిలోనే నేనూ అప్పా బావా ఎక్కాం. టికెట్టు పది రూపాయలు. పెట్టెలు శుభ్రంగా ఉన్నాయి, కిటికీలు పెద్దవి, కూర్చోడానికి చోటుంది. చోటుండడమే అప్పకి అనుమానం పుట్టించింది. "జనమేరి?" అంది. జనమంతా ఎనిమిదేళ్ళలో బస్సులకీ మోటారుసైకిళ్ళకీ అలవాటుపడిపోయారు. టుక్నాలవాళ్ళు అసలే లేరు. కూరలు ఇప్పుడు చిన్న ట్రక్కుల్లో తెల్లారకముందే మార్కెట్టుకి దిగుతాయి. నిలిపేసిన రైలుని మళ్ళీ నడపొచ్చుగానీ దాన్ని నమ్ముకున్నవాళ్ళు తిరిగి రావడానికి ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో ఏ అంచనాలోనూ ఉండదు.

మందిర్ హసౌద్‌లో గూడ్సు కోసం కాసేపు ఆపారు. బావ గడియారం చూశాడు. అక్కణ్ణించి కొత్త కట్ట మీద నవా రాయ్‌పూర్ వెడల్పాటి ఖాళీ రోడ్లు, ఎత్తు భవనాలు, మధ్యలో వరి కోసిన మళ్ళు. కేంద్రీ దగ్గర పాత దారి వచ్చి కలిసింది. చిన్నలైను కల్వర్టులు ఏవైనా మిగిలాయేమోనని కిటికీకి అతుక్కున్నాను. పెద్దలైనుకి పెద్ద కాంక్రీటు పెట్టెలు వేశారు, పాతవి లేవు. మంచిదే. ఆ రాతిపలకలు ఈ బరువు మోయలేవు.

అభన్‌పూర్‌లో దిగాం. స్టేషన్‌కి కొత్త రంగు. లైను ఇంకా ముందుకి సాగుతోంది, కంకర కుప్పలున్నాయి. అదే ఏడు సెప్టెంబర్‌లో బండిని రాజిమ్ దాకా పొడిగించారు. మేము వెళ్ళినప్పుడు మాత్రం అభన్‌పూరే ఆఖరు. ప్లాట్‌ఫారం మీద కాషాయరంగు జాకెట్టు వేసుకున్న కుర్రాడు కనిపిస్తే ధమ్తరీకి ఎప్పుడని అప్ప ఛత్తీస్‌గఢీలో అడిగింది. అతను తల గోక్కుని, కరెంటు తీగలవాళ్ళు వేరే, సిగ్నళ్ళవాళ్ళు వేరే, తమది పట్టాల పనేననీ, అది అయినంతవరకూ చూపిస్తాననీ అన్నాడు. నిజంగానే వెంటబెట్టుకుని వెళ్ళి, ప్లాట్‌ఫారం చివర ఎంతదాకా ప్యాకింగ్ అయిందో, ఎక్కడ వంతెన స్లాబు పోయాలో చేత్తో చూపించాడు. బావ స్లీపర్ల కింద కంకర ఎంత లోతు పోశారని అడిగాడు. వాళ్ళిద్దరూ ఆ మాటల్లో పడిపోయారు. అప్ప, "రాజిమ్ బస్సు వెళ్ళిపోతాది, రండి" అని రెండుసార్లు కేకేసింది.